గృహహింసాపీడితలకు భరణము: న్యాయస్థానమువారి ఆజ్ఞలు, మన కర్తవ్యము

(మన సంఘ వార్షిక మహాసభయందు స్త్రీసంక్షేమ గోష్ఠిలో చేసిన ఉపన్యాసము)



ఈ సంవత్సరము గూడ ఒక ఉపన్యాసము చేయవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, యథాప్రకారము వివాహసంస్కారమును గూర్చియో, భాషను గూర్చియో చెప్పుదునని వారు తలచియుందురు. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవానికి అంతకంటె వేఱేమి తెలియునని మీరును అనుకొనవచ్చును. నేను న్యాయవాదిని గాను. ఒక తగవులో పెద్దమనుష్యుడనై కూర్చుండి తప్పు తీర్పు చెప్పినవాడను. ఆ తప్పును దిద్దుకొనుటకై ఈ చట్టమును అక్షరాభ్యాసము చేసిన బాలునివలె చదివినవాడను. కావున ఈ దినమున నా కెక్కువ తెలిసిన విషయమును విడిచి, మన కందఱకును ఎక్కువ కావలసిన విషయమును చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాను.

మొదట ఒక్క వ్యాకరణవిషయము. భర్త, భార్య అను రెండు శబ్దములును భృ అను ఒక్క ధాతువునుండియే పుట్టినవి. ఆ ధాతువునకు భరించుట, పోషించుట అని యర్థము. భరించువాడు భర్త, భరింపదగినది భార్య. భరణ మను మాటయు అచ్చటిదే. మన పూర్వులు మగనికి పేరు పెట్టునపుడు ఆతని బలమును బట్టి గాని, అధికారమును బట్టి గాని పెట్టలేదు. ఆతడు వహింపవలసిన బరువును బట్టి పెట్టిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున ధర్మస్థీయ మను మూడవ అధికరణమునందు భర్మ మను పేరున భార్యాపోషణము ప్రత్యేకముగా విచారింపబడినది. ఆ ప్రకరణమునందే భార్యను కొంత హద్దులోపల దండించుటకు మగనికి అనుమతియు గలదు. దానిని నేను దాచను. శాస్త్రములయం దుండిన దంతయు నేటికి తలదాల్చవలసినది గాదు. కాని భరణము దయాధర్మము గాదు, ఋణము వంటిది అను భావము మన దేశమునకు క్రొత్తది గాదని మాత్రము చెప్పుచున్నాను.

ఇక నా తప్పును విన్నవించెదను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒకనాటి సాయంకాలము నా పూర్వశిష్యురా లొకతె, చంకలో బిడ్డతో, మా యింటి అరుగుమీదికి వచ్చి కూర్చుండెను. తరగతిలో శబ్దమంజరి తప్పులేకుండ అప్పజెప్పిన బాలిక. చెంప కమిలియున్నది. మగడు కొట్టుచున్నాడనియు, తాను కుట్టుపని చేసి తెచ్చిన సొమ్మును ఏనాటి కానాడు లాగికొనుచున్నాడనియు చెప్పినది. నేను మఱి నలుగురు పెద్దలను పిలిపించితిని. ఆమె తలిదండ్రులు వచ్చిరి, అత్తవారివైపువారు వచ్చిరి. రెండుగంటలు మాటలాడితిమి. ఎప్పటినుండి కొట్టుచున్నాడని అడిగితిమి. త్రాగునా యని అడిగితిమి. నీవేమైన ఎదురు పలికితివా యని, చెప్పుటకు సిగ్గగుచున్నది, అదియు నడిగితిమి. నీచేతిలో ఎంత సొమ్మున్నదమ్మా యని మాత్రము ఒక్కరమును అడుగలేదు.

కడపట ఆమెయే నోరు విప్పి, "మాస్టారూ, వేరే ఉండుమన్నను ఉండెదను. ఇంటి అద్దెకు, బిడ్డ పాలకు ఏమి చేయవలెనో అది చెప్పండి" అన్నది. మాకు సమాధానము తోచలేదు. తోచనందున ఓర్చుకొమ్మంటిమి. మగనిచేత ఇకమీదట చేయి చేసికొననని ఒక కాగితము వ్రాయించి, సాక్షులుగా సంతకములు చేసి, ఆమెను ఆ యింటికే పంపితిమి. మొదటి సంతకము నాది. నాలుగు మాసములు గడువకముందే ఆమె కుడిచేయి విఱిగి ఆసుపత్రిలో చేరినది. కుట్టుపని చేయు చేయి అది. ఆ కాగిత మామె చేతిని కాపాడలేదు. ఆసుపత్రి ఖర్చులోను ఒక్క రూపాయి చెల్లింపలేదు.

మహాశయులారా, స్త్రీ ఎందుకు తిరిగి ఆ యింటికే పోవుచున్నదని మనము ఆశ్చర్యపడుచుందుము. ప్రేమచేత ననియు, భయముచేత ననియు, బిడ్డలకొఱ కనియు చెప్పుకొందుము. అవియు నిజమే కావచ్చును. కాని నేను చూచినంతవఱకు మొదటి కారణము వచ్చే నెల అద్దె. దెబ్బనుండి తప్పించి అన్నము చూపనిచో, ఆకలియే ఆమెను మరల ఆ దెబ్బయొద్దకు చేర్చును. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనమునుబట్టి, వివాహితలలో భర్తవలన హింస ననుభవించినవారు ఆంధ్రప్రదేశమున నూటికి 30 మంది, తెలంగాణమున నూటికి ఇంచుమించు 37 మంది. ఇది ఏ యొక్క కులమునకో, ఏ పేదపేటకో చెందిన లెక్క గాదు. ఈ పందిరి క్రింద కూర్చున్న మన యిండ్లను వెలివేసి ఆ లెక్క కట్టలేదు.

2005 సంవత్సరమున మన పార్లమెంటు గృహహింసనుండి స్త్రీల సంరక్షణ చట్టమును చేసినది. అది 2006 అక్టోబరు 26వ తేదీనుండి అమలులో నున్నది. ఈ చట్టమును గూర్చి మన కుటుంబములలో ఒక పెద్ద పొరపాటు వ్యాపించియున్నది. కోర్టుకు పోయినచో అల్లుడు జైలుకు పోవును, కాపురము కూలును అని తలిదండ్రులు వెనుదీయుదురు. ఈ చట్టము క్రింద అర్జీ పెట్టుట మగనిని జైలుకు పంపుట గాదు. ఆమె కోరునది రక్షణ, నివాసము, ధనము. విడాకులు కోరవలసిన పనియు లేదు. కాపురమున నుండియే అర్జీ పెట్టవచ్చును. కోర్టు ఆజ్ఞను మీరినప్పుడే శిక్షమాట వచ్చును.

ఈ చట్టము భార్యకు మాత్రమే గాదు. తల్లి, అక్కచెల్లెండ్రు, కుమార్తె, వితంతువైన కోడలు, వివాహమువంటి సంబంధమున కలసి కాపురమున్న స్త్రీ, వీరందఱును దీని నాశ్రయింపవచ్చును. కొడుకువలన బాధపడు వృద్ధమాత కూడ వీరిలో నున్నదని మఱవకుడు. 2016లో సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పునుబట్టి, అర్జీ పురుషులమీదనే గాక, హింసించిన స్త్రీలమీదను పెట్టవచ్చును.

హింస యనగా దెబ్బయే గాదు. చట్టములో మూడవ సెక్షను శారీరక, లైంగిక హింసలను, మాటలచేతను మనోవ్యథచేతను కలుగు హింసను చెప్పి, ఆర్థికహింసను కూడ పేర్కొన్నది. ఇంటిఖర్చు లియ్యకుండుట, ఆమెకు హక్కుగల సొమ్మును అనుభవింపనీయకుండుట, నగలను, పాత్రసామగ్రిని అమ్మివేయుట, ఇంటి అద్దె కట్టక వీధిపాలు చేయుట, ఇవి యన్నియు అందులోనివే. ఒక్క దెబ్బయు కొట్టకుండ, బీరువా తాళపుచెవులు జేబులో వేసికొని, కూరలకు పది రూపాయలకై ఆలిని దేవిరింపజేయు పెద్దమనిషియు ఈ చట్టమునకు లోబడినవాడే.

ఇక ధనవిషయము. 20వ సెక్షను నాలుగు విధములగు ధనసహాయమును చెప్పుచున్నది. మొదటిది, హింసవలన పోయిన సంపాదనము. చేయి విఱిగి మూడు మాసములు కుట్టుపని మానవలసివచ్చినచో ఆ మూడు మాసముల రాబడి. రెండవది, వైద్యఖర్చు. మూడవది, ఆమె అధీనమున నున్న ఆస్తిని పాడుచేసినందున, తీసికొనిపోయినందున కలిగిన నష్టము. పగులగొట్టిన కుట్టుమిషను ఇం దుదాహరణము. నాలుగవది, ఆమెకును బిడ్డలకును భరణము. ఈ నాలుగును వేర్వేరు. భరణము కోరినది గదా యని వైద్యఖర్చు కోరుట మానరాదు. వీనికి తోడు, మనోవ్యథకు పరిహారమును 22వ సెక్షను క్రింద వేఱుగా కోరవచ్చును.

ఎంత ఇప్పింపవలెను? ఆ మొత్తము తగినదై, న్యాయమైనదై, ఆమె అలవాటుపడిన జీవనస్థితికి అనుగుణముగా నుండవలెనని చట్టమే చెప్పుచున్నది. ప్రాణము నిలుపు గంజిమాత్రము గాదు. పూర్వపు క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షను క్రింద భరణమునకు నెలకు 500 రూపాయల హద్దుండెడిది. 2001లో ఆ హద్దు తొలగినది. ఆ సెక్షను నేడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనుగా 2024 జూలై 1వ తేదీనుండి అమలులో నున్నది. దానిక్రింద భరణము పొందుచున్నదానికిని గృహహింస చట్టము క్రింద అదనముగా కోరుట కడ్డులేదు. అయితే ఒకచోట వచ్చు సొమ్మును రెండవచోట దాచిపెట్టరాదు. న్యాయస్థానము దానిని లెక్కలోనికి తీసికొనును.

ఇంటిని గూర్చియు ఒక మాట. ఇల్లు తన పేర లేకున్నను, మగని పేర లేకున్నను, తాను కాపురమున్న ఇంట నుండుటకు ఆమెకు హక్కు గలదు. అది అత్తమామల పేర నున్నంతమాత్రమున ఆ హక్కు పోదని 2020లో సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించినది. ఆ యింట నుండుట క్షేమము గానిచో, అటువంటిదే వేఱొక ఇంటి నేర్పాటు చేయుమని గాని, అద్దె చెల్లింపుమని గాని 19వ సెక్షను క్రింద ఆజ్ఞాపింపవచ్చును. మా అరుగుమీద నా శిష్యురాలు వేసిన ప్రశ్నకు సమాధానము ఈ సెక్షనులో అంతకు ఎన్నో ఏండ్లముందే అచ్చయియున్నది. చదువుకొన్న మే మైదుగురమును దానిని చదివియుండలేదు.

స్త్రీధనమును గూర్చి మన ధర్మశాస్త్రములు విస్తరించి చెప్పినవి. యాజ్ఞవల్క్యస్మృతి, దానిపై విజ్ఞానేశ్వరుని మితాక్షర ఆంధ్రదేశమున తరతరములుగా ప్రమాణములైనవి. కరవు, రోగము మొదలగు ఆపదలయందు తప్ప భర్త దానిని ముట్టరాదని స్మృతికారు డనెను. నేటి న్యాయము ఇంకను స్పష్టము. పుట్టింటివారు, అత్తింటివారు, మిత్రులు ఆమెకిచ్చిన నగలు, వస్తువులు ఆమెవే యని, భర్త వానికి యజమాని గాడని 1985లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. గృహహింస చట్టము క్రింద వానిని తిరిగి ఇప్పింపవచ్చును. అంతేగాక, కోర్టు అనుమతి లేకుండ మగడు బ్యాంకు ఖాతాలను, లాకరును ముట్టకుండ, ఆస్తి నమ్మకుండ రక్షణాజ్ఞయందే నిషేధింపవచ్చును. నగలు కరగిపోయిన పిమ్మట ఏడ్చుటకంటె, మొదటి దినముననే ఈ నిషేధమును కోరుట మేలు.

మార్గ మెట్లు? ప్రతి జిల్లాయందును రక్షణాధికారి యని యొక యుద్యోగి యుండవలెను. స్త్రీ శిశు సంక్షేమశాఖ కార్యాలయమున విచారించినచో తెలియును. 181 అను సంఖ్యకు ఫోను చేసినను దారి చూపుదురు. రక్షణాధికారి ఆమె చెప్పినదానిని నివేదికగా వ్రాసి మేజిస్ట్రేటునకు పంపును. వైద్యమునకును, ఆశ్రయమునకును, న్యాయసహాయమునకును తోడ్పడును. ఆమెయే గాక, ఆమె పక్షమున వేఱొకరును అర్జీ దాఖలు చేయవచ్చును. పుట్టింటికి వచ్చియున్నచో ఆ యూరి మేజిస్ట్రేటు కోర్టులోనే పెట్టవచ్చును. అత్తవారి యూరికి పోవలసిన పని లేదు. వకీలు ఫీజునకు భయపడవలదు. 1987 నాటి న్యాయసేవా ప్రాధికార చట్టము ప్రకారము స్త్రీకి, రాబడి ఎంత యున్నను, ఉచిత న్యాయసహాయము లభించును. దానికై 15100 అను ఫోనుసంఖ్య గలదు. కోర్టు ఆజ్ఞ ప్రతియు ఉచితముగా నిత్తురు.

అర్జీ అందిన మూడు దినములలో మొదటి వాయిదా యుండవలెననియు, మొదటి వాయిదానుండి అఱువది దినములలో ముగించుటకు యత్నింపవలెననియు చట్టమున నున్నది. కాని కోర్టులలో పని పేరుకొనియుండుటచేత వాయిదాలు సాగుట మన మెఱిగినదే. అందుచేతనే 23వ సెక్షను ముఖ్యము. విచారణ ముగియకమునుపే మధ్యంతరాజ్ఞ నిచ్చు అధికారము మేజిస్ట్రేటునకు గలదు. అవసరమైనచో ఆమె ప్రమాణపత్రము నాధారముగా గొని, ఎదిరిపక్షము రాకమునుపే ఇయ్యవచ్చును. రక్షణకు మాత్రమే గాదు, ధనమునకు గూడ. కావున అర్జీతోబాటు మధ్యంతర భరణమునకు వేఱొక అర్జీ ఆ దినముననే ఇయ్యవలెను. దీనిని మఱచినచో చట్టములో పాయస మున్నను విస్తరిలోనికి రాదు.

2020 నవంబరు 4వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము భరణవిషయమున దేశమునకంతకు మార్గదర్శక సూత్రముల నిచ్చినది. వానిలో మూడింటిని మీరు జ్ఞాపకముంచుకొనవలెను. ఒకటి, ఆలుమగ లిరువురును తమ రాబడిని, ఆస్తిని, అప్పులను, ఖర్చులను తెలుపు ప్రమాణపత్రములను దాఖలు చేయవలెను. రెండు, భరణమును తీర్పు చెప్పిన దినమునుండి గాక, అర్జీ పెట్టిన దినమునుండి ఇప్పింపవలెను. మూడు, ఆమె కొంత సంపాదించుచున్నంతమాత్రమున భరణమునకు అనర్హురాలు గాదు. ఆ సంపాదన చాలునా యని చూడవలెను. నాకు పని లేదు, రాబడి లేదని చేతులు చూపు మగనికిని 2022లో అదే న్యాయస్థానము బదులు చెప్పినది. దేహదార్ఢ్యము గలవాడు శారీరకశ్రమ చేసియైనను ఆలుబిడ్డలను పోషింపవలసినదే.

కావున కోర్టుకు పోవు స్త్రీకి కన్నీటికంటె కాగితములు ఎక్కువ తోడ్పడును. ఇంటి అద్దె రసీదు, బడిఫీజు రసీదు, మందుల చీట్లు, ఆసుపత్రి కాగితములు, బ్యాంకు పుస్తకము, మగని జీతపు చీటి దొరికినచో దాని నకలు, నగలతో నున్న పెండ్లి ఫొటోలు, వీనిని ఒక సంచిలో వేసి పుట్టింట గాని, నమ్మకమైనవారియొద్ద గాని దాచవలెను. ఒక నోటుపుస్తకమున బియ్యమునకు ఇంత, పాలకు ఇంత, అద్దెకు ఇంత, బిడ్డ చదువునకు ఇంత అని నెలసరి లెక్క వ్రాయవలెను. ఊఱక "నాకు భరణ మిప్పింపుడు" అనినచో న్యాయాధిపతి ఊహించి వ్రాయవలసివచ్చును. లెక్క చూపినచో ఆ లెక్కకు బదులు చెప్పవలసిన భారము ఎదిరిపక్షముమీద పడును.

ఆజ్ఞ వచ్చినది, సొమ్ము రాదు. అప్పు డేమి? జీతగాడైనచో, ఆతని జీతములో కొంత భాగమును తిన్నగా ఆమెకు చెల్లింపుమని గాని, కోర్టులో కట్టుమని గాని యజమానిని మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపవచ్చును. ఆతనికి బాకీపడినవారినిగూడ అట్లే ఆజ్ఞాపింపవచ్చును. అప్పటికిని రానిచో, భరణపు బకాయిని జుల్మానావలె వారంటుద్వారా వసూలు చేయవచ్చును; చెల్లింపనివానిని నెల బకాయికి నెల వఱకు చెఱలో నుంచవచ్చును. చెఱ ననుభవించినంతమాత్రమున బాకీ తీరదని 1989లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. అయితే బకాయిపడిన సంవత్సరములోపల అర్జీ పెట్టవలెను. మొగమాటముచే ఊరకున్నచో కాలదోషము పట్టును. రక్షణాజ్ఞను మీరి మరల కొట్టినచో, బెదిరించినచో, ఒక సంవత్సరము వఱకు ఖైదుగాని, 20,000 రూపాయల వఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

ఈ చట్టమును దుర్వినియోగము చేయువారు లేరా యని మీలో కొందఱు అడుగుదురు. ఏ చట్టమునకు లేరు? దానికి మందు చట్టములోనే యున్నది. ఇరువురును ప్రమాణముచేసి లెక్కలు చెప్పవలసియున్నది. అబద్ధపు ప్రమాణము శిక్షార్హము. పరిస్థితులు మారినచో ఆజ్ఞను మార్చుమని, రద్దుచేయుమని ఇరుపక్షములవారును అడుగవచ్చును. ముప్పది దినములలో సెషన్సుకోర్టునకు అప్పీలు గలదు. న్యాయముగా నుండు మగనికి ఇందు భయపడవలసిన దేదియు నాకు కనబడలేదు. కులపెద్దల తగవులో ఈ యేర్పాటులలో ఒక్కటియైన గలదా యని మనలను మనము ప్రశ్నించుకొనవలెను. మన తగవులో ప్రమాణపత్రము లేదు, లెక్క లేదు, అప్పీలు లేదు. గట్టిగా మాటలాడినవానిదే గెలుపు. ఆమె గట్టిగా మాటలాడినచో గయ్యాళి యందుము.

రాజీ చేయవలదని నే ననుట లేదు. మేజిస్ట్రేటు తానే ఇరువురను సలహాదారునియొద్దకు పంపవచ్చునని చట్టమున నున్నది. కాని సొమ్ములేని రాజీ రాజీ గాదు, అప్పగింత. మన పెద్దలు కూర్చుండు ప్రతి తగవులోను ఇకమీదట మొదటి ప్రశ్న ఒక్కటే కావలెను: అమ్మా, నీచేతిలో ఎంత యున్నది, నెలకు నీ కెంత కావలెను? దానికి సమాధానము దొరకనిదే ఎవ్వరును సంతకము చేయరాదు. ఎముకలు విఱిగిన తగవులో పెద్దమనుష్యులు కూర్చుండనే కూడదు. ఆమెను ఆసుపత్రికిని, ఆ వెంటనే రక్షణాధికారియొద్దకును తీసికొనిపోవలెను.

పోషకులగు మహాశయులారా, మీకు ప్రత్యేకముగా ఒక మనవి. పేదపిల్లల పెండ్లిండ్లకు మన సంఘము మంగళసూత్రము లిచ్చుచున్నది, వస్త్రము లిచ్చుచున్నది, ఆ దాతల పేర్లు ఈ సంచికలో ఏటేట అచ్చగుచున్నవి. అది శ్లాఘ్యమే. కాని మన మిచ్చిన మంగళసూత్రమును కట్టినవాడే కొట్టినపుడు, ఆ పిల్లకు మన యొద్ద ఏ పద్దు క్రిందను ఒక్క రూపాయి లేదు. అర్జీ పెట్టిన దినమునకును మధ్యంతర భరణము చేతికి వచ్చు దినమునకును నడుమ కొన్ని మాసములు గడచును. ఆ మాసములలోనే స్త్రీ ఓడిపోవుచున్నది. అర్జీ మానుకొని వెనుకకు పోవుచున్నది. ఆ నడిమి కాలమునకు అద్దెయు, బియ్యమును, బస్సుఖర్చును ఇచ్చు నిధి నొకదానిని మన సంఘము స్థాపింపవలెనని ప్రతిపాదించుచున్నాను. దానమని పేరు పెట్టవలదు. చేబదులుగా నిత్తము, భరణము వచ్చిన పిదప వీలైనపుడు తిరిగి ఇచ్చును, ఇయ్యలేకున్నచో అడుగవలదు. పుచ్చుకొన్నవారి పేర్లు మాత్రము ఏ సంచికలోను అచ్చువేయవలదు. నా యొక నెల పింఛను ఈ దినముననే కార్యదర్శిగారి చేతికి ఇచ్చియున్నాను.

తలిదండ్రులకును ఒక మాట. కుమార్తెకు పెండ్లి చేయునపుడు ఆమె పేరనే ఒక బ్యాంకు ఖాతా యుండునట్లు చూడుడు. పెట్టిన నగలకు జాబితా వ్రాసి, ఆమె చేవ్రాలుతో ఒక ప్రతి మీయొద్ద నుంచుకొనుడు. ఆమె తిరిగి వచ్చిన రాత్రి తలుపు తీయుడు. లోకు లేమందురో యని తలుపు మూసిన తండ్రిని లోకులు పోషింపరు. ఆ బిడ్డ పోయిన పిమ్మట ఓదార్చుటకు మాత్రము వత్తురు.

నా శిష్యురాలి సంగతి చెప్పి ముగించెదను. చేతికట్టు విప్పకమునుపే ఆమెను నేనే రక్షణాధికారియొద్దకు తీసికొనిపోతిని. ఆమె ఎడమచేతితో వంకరటింకరగా వ్రాసిన నెలసరి లెక్కను ఉచిత న్యాయసహాయపు వకీలు అర్జీకి జోడించిరి. మూడవ వాయిదాలో మధ్యంతరాజ్ఞ వచ్చినది. భరణము నెలకు 6,000 రూపాయలు, అద్దెకు 2,500 రూపాయలు, ఆసుపత్రిఖర్చు వేఱు. పెద్ద మొత్తము గాదు. మొదటి రెండు మాసములు అదియు రాలేదు. ఆతని యజమానికి కోర్టునుండి కాగితము పోయిన పిదప జీతమునుండియే వచ్చుచున్నది. విఱిగిన చేయి పూర్తిగా వంగదు. అయినను మిషను త్రొక్కుచున్నది. బిడ్డ బడికి పోవుచున్నాడు.

ఒకనాడు ఆమె మా యింటికి వచ్చి, నేను బస్సుఖర్చులకై ఇచ్చిన నూటయేబది రూపాయలను అరుగుమీద పెట్టి, "లెక్క సరిచూచుకొనండి మాస్టారూ" అన్నది. నేను పుచ్చుకొంటిని. వలదనుట ఆమె గౌరవమునకు భంగమని తోచినది. కాని మా లెక్క సరిపోలేదని నాకు తెలియును. ఆనాడు నేను చేసిన సంతకము ఖరీదు ఆమె కుడిచేయి. దానిని నేను తీర్పలేను. అట్టి సంతకము మన సంఘములో మఱి యొక్కరును చేయకుండుటకై ఈ నాలుగు మాటలు విన్నవించితిని.

ప్రతిపాదించిన నిధిని గూర్చి ఈ మహాసభ ముగియులోపల తీర్మానము చేయుదురని ఆశించుచున్నాను.